గడ్డం జారుతోందా? తప్పు గడ్డంలో లేదు

శిల్పకళలో చేరిన మొదటి ఏడాది పిల్లలు కళ్లూ ముక్కూ మీద పెట్టే శ్రద్ధలో సగం లోపలి ఆర్మేచర్ మీద, అంటే మట్టిని మోసే అస్థిపంజరం లాంటి చట్రం మీద పెట్టాలి. మట్టి తల చెడేది అక్కడే.

అసలు సైజు తలకు మెడతో కలిపి పది పన్నెండు కిలోల మట్టి పడుతుంది. అడుగున్నర పలక మధ్యలో ఫ్లాంజ్ (పైపును నిలబెట్టే ఇనుప బిళ్ల) బిగించి ముప్పావు అంగుళం పైపు నిలబెట్టండి. పైన అల్యూమినియం తీగను తల ఆకారంలో వంచి గట్టిగా కట్టండి. తీగ పైతలానికి అంగుళమైనా లోపల ఉండాలి, లేకపోతే చెంప తగ్గించాలనుకున్న రోజున బయటపడుతుంది. ఆ తీగ నుంచి రెండు చెక్కముక్కలు అడ్డంగా కట్టి వేలాడదీయండి. దీన్నే సీతాకోకచిలుక అంటారు. మట్టి బరువు దీనికి ఆనుతుంది. ఇది లేకపోతే మట్టి కిందికి దిగి గడ్డం మెడలో కలుస్తుంది. రోజూ గడ్డాన్నే దిద్దుతూ కూర్చుంటారు, పాపం.

బెజవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్లినప్పుడు రాతి విగ్రహాలను పక్కనుంచి బొమ్మ వేసుకోండి. మెడ ఎంత వెనక నుంచి మొదలవుతుందో అప్పుడే తెలుస్తుంది. చాలామంది మెడను తలకింద స్తంభంలా నిలబెట్టేస్తారు.

బెజవాడ ఎండల్లో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే చాలు, మట్టి బీటలు వారుతుంది. మట్టి కుంచించుకుంటుంది, లోపలి పైపు కుంచించుకోదు కదా. తడిగుడ్డ చుట్టి పైన పాలిథిన్ కప్పాలి. గుడ్డ ముక్కుకీ చెవులకీ తగలకుండా అక్కడక్కడా అగ్గిపుల్లలు గుచ్చండి. అలాగని నీళ్లు కుమ్మరిస్తే మట్టి మెత్తబడి జారుతుంది.

ఇక వేస్ట్ మౌల్డ్, అంటే చివరికి పగలగొట్టేసే ప్లాస్టర్ అచ్చు. చెవుల వెనక వరసగా రేకుముక్కలు గుచ్చి ముందుభాగం, వెనకభాగం విడదీయండి. ప్లాస్టర్‌ని నీళ్లలో చల్లాలి, ప్లాస్టర్ మీద నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. పొడి నీటిపైన చిన్న దిబ్బలా నిలిచేదాకా చల్లి, రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా చేత్తో అడుగునుంచి కలపండి. వానాకాలమంతా మూతి తెరిచి ఉన్న బస్తా వాడకండి, చెమ్మ పట్టిన ప్లాస్టర్ సరిగా గట్టిపడదు.

మొదటి పూతలో నీలం రంగు కలిపి పావు అంగుళం మందాన వేయండి. రెండోది తెల్లగా, ముప్పావు అంగుళం. గట్టిపడ్డాక విడదీసి, మట్టి తీసి కడిగి, లోపల సబ్బు ద్రావణం మూడుసార్లు పట్టించాలి. ఇది మరిస్తే మౌల్డూ, లోపల పోసే ప్లాస్టర్ తల, అంటే పోతా ఒకటైపోతాయి. తర్వాత రెండు భాగాలూ కలిపి కట్టి లోపల ప్లాస్టర్ పోయండి. పోత పూర్తిగా గట్టిపడ్డాక, మొద్దు ఉలితో నడినెత్తి దగ్గర మొదలుపెట్టి తెల్ల పొర కొట్టేయండి. నీలం కనిపించిందంటే ముఖం పావు అంగుళం దూరంలో ఉన్నట్టే. అక్కడి నుంచి దెబ్బ తేలిక చేయండి. చెవులూ ముక్కూ ఆఖర్న.