చిన్నకోటలో రుమాళ్లు

బైబిల్లోని పౌలు నడిచిన దారుల యాత్ర అని గ్రీసులో కొరింతు, ఫిలిప్పి చూడ్డానికి నాతో బయల్దేరింది మా అమ్మ. తిరిగొచ్చాక ఎవరడిగినా చెప్పేది మాత్రం కస్త్రాకి గురించే. పౌలుకీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. థెస్సలోనికి నుంచి ఏథెన్స్ వెళ్తూ మెతెయోరా మఠాలు చూపిస్తామని టూర్ వాళ్లు ఒక రాత్రి అక్కడ ఆపారు, అంతే.

చీకటి పడ్డాక దిగాం. పొద్దున్నే బాల్కనీ తలుపు తీసిన అమ్మ, "ఓరి దేవుడో" అంది. ఎదురింటి పెరట్లోంచి మొలిచినట్టు రాతి స్తంభాలు! కొండ అంటే ఎంతో కొంత వాలు ఉండాలి కదా, వీటికి అదే లేదు. దగ్గరికెళ్లి తడిమితే గులకరాళ్లూ ఇసుకా కాంక్రీటులా గట్టిపడిన ముద్ద. కోట్ల ఏళ్ల కిందట నది తెచ్చి పోసిన మేటలట. వాటి నెత్తిన ఒకప్పుడు 24 మఠాలుండేవి. ఇప్పుడు నడుస్తున్నవి ఆరే.

అమ్మ మోకాళ్లకి మెట్లు పడవు. అందుకే పునీత స్తెఫాను మఠానికి తీసుకెళ్లాను. అక్కడ చిన్న వంతెన దాటితే చాలు. చీరలో ఉన్న అమ్మని ఎవరూ ఆపలేదు. నాకు మాత్రం జీన్స్ మీద లంగాలాంటి గుడ్డ చుట్టుకోమన్నారు. "చూశావా, ఇంట్లో నేను చెప్తే వింటావా?" లోపల ఇసుకలో కొవ్వొత్తి గుచ్చి, పక్కావిడ సిలువ గుర్తు ముందు కుడి భుజం మీద, తర్వాత ఎడమ మీద వేసుకోవడం చూసి, మాకు ఎడమే ముందు కదా, కాసేపు తికమకపడింది.

మధ్యాహ్నం ఊళ్లో నడిచాం. కస్త్రాకి అంటే చిన్నకోట అని అర్థం. ఎర్ర పెంకుటిళ్లు, ఓ గుడి, వెయ్యికి అటూ ఇటూగా జనం. మన దగ్గర అపార్ట్‌మెంట్లు నాలుగు కలిపితే అంతమంది ఉంటారు. గ్రీసు జనాభాయే 2011లో 1 కోటి 8 లక్షలుంటే 2021కి 1 కోటి 5 లక్షలకి దిగింది. మేం దిగిన ఇంటి పెద్దాయనా అదే అన్నాడు, పిల్లలంతా పట్నాల పాలని.

ఊరి పక్క బండకి నిలువునా ఒక గుహ. దాని నోట్లో రంగురంగుల రుమాళ్లు వేలాడుతున్నాయి. పునీత జార్జికి మొక్కుబడి అన్నాడు పెద్దాయన. తురుష్కుల కాలంలో ఇక్కడి చెట్లు కొట్టబోయి గాయపడిన ఒక భూస్వామి కోసం, అతని భార్య తన మేలిముసుగు ఆ పునీతుడికి ఇచ్చుకుందట. అతను లేచి కూర్చున్నాడట. అప్పట్నుంచి ఏటా ఏప్రిల్ 23న (అది ఈస్టర్‌కి ముందు ఉపవాసాలుండే తపస్సుకాలంలో పడితే ఈస్టర్ మర్నాడు) కుర్రాళ్లు తాళ్లు పట్టుకుని ఎక్కి, పాతవి దించి, కొత్తవి కడతారు.

"కుర్రాళ్లే లేరన్నాడుగా, మరి ఎక్కేదెవరు?" అంది అమ్మ.

నేను ఇంగ్లీషులో అడిగాను. పెద్దాయన నవ్వాడు. వాళ్ల అబ్బాయి ఏథెన్స్‌లో ఉద్యోగం చేస్తాడట, ఆ రోజుకి మాత్రం తప్పకుండా వచ్చేస్తాడట.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాలకి నువ్వు వచ్చి ఎన్నేళ్లయింది?"

నేను ఫోన్ తీసి గుహని ఫొటో తీయడం మొదలుపెట్టాను.