ఇంజిన్ మార్చాలన్నారు, నేను మెకానిక్‌ని మార్చా

పోయిన చలికాలం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి శాన్ హోసే వెళ్తుంటే 880 ఫ్రీవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాటేసింది, వెనక సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. పక్కకి ఆపి టో ట్రక్కు పిలిచా. డీలర్ దగ్గర పావుగంట చూసి ఇంజిన్ మార్చాలన్నారు, వాళ్ళు చెప్పిన రేటుకి ఇంకో పాత కారే వచ్చేస్తుంది.

ఊళ్లో అయితే నాన్నకి తెలిసిన షెడ్డు ఉండేది. ఇక్కడ మనకెవరు తెలుసు? వాట్సాప్ గ్రూపులో అడిగితే పది పేర్లొచ్చాయి, సగం అక్కడ ఆయిల్ మార్పించుకున్నవాళ్ళు చెప్పినవే. ఆయిల్ మార్చడం వేరు, ఇంజిన్ మీద మూతలా ఉండే హెడ్ విప్పడం వేరు కదా!

నేను పెట్టుకున్న లెక్క ఒకటే: టెస్ట్ చెయ్యకుండా రేటు చెప్పేవాడి దగ్గర బండి వదలకూడదు. చివరికి దొరికిన చిన్న షాపాయన రేడియేటర్ మూత తీసి నీలం ద్రవం ఉన్న గొట్టం పెట్టాడు. అది పసుపుకి తిరిగితే సిలిండర్‌లో మండిన గ్యాస్ ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌లోకి వస్తున్నట్టు. తిరిగింది. తర్వాత సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ చేస్తే పక్కపక్క రెండు సిలిండర్లలో తక్కువ చూపించింది. హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంగిందో లేదో మెషిన్ షాపులో చూపించాకే మిగతా మాట అన్నాడు.

కాలిఫోర్నియాలో రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వకుండా పని మొదలుపెట్టకూడదు. షాపుకి బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆన్‌లైన్‌లో వెతికి చూడొచ్చు. పాత పార్టులు కావాలంటే పని ఒప్పుకునేటప్పుడే అడగాలి. నేను అడిగా. ఆ కాలిపోయిన గాస్కెట్ ఇప్పటికీ గరాజ్‌లో మేకుకి వేలాడుతోంది, మా ఆవిడ చెత్తలో పారెయ్యమంటుంది.