డయాట్రైబ్‌ను బట్టీ పట్టకండి

ఫ్రెండ్స్, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి దశ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు పెడితే అర మార్కు కోత. నాకు ఎక్కువగా కోత పడింది వొకాబులరీలోనే.

ఒక మాక్ టెస్టులో డయాట్రైబ్‌కు అర్థం అడిగారు. చివర ట్రైబ్ అని ఉంది కదా అని గిరిజన తెగకు దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టాను. నిజానికి దానికీ తెగకూ సంబంధమే లేదు. ఎవరినైనా, దేన్నైనా కోపంగా, కటువుగా దుమ్మెత్తిపోస్తూ చేసే ప్రసంగం లేదా రాత డయాట్రైబ్. గ్రీకులో మొదట కాలం గడపడం, చర్చ అనే అర్థాలుండేవి. తిట్టడం అనే అర్థం చాలా కాలం తర్వాత వచ్చింది.

ఆ దెబ్బతో టైరేడ్, హరాంగ్, ఇన్వెక్టివ్ అన్నీ రాసుకున్నాను. అన్నిటి పక్కనా ఒకటే మాట: విమర్శ. అదే పొరపాటు. ఆప్షన్లలో రెండు కలిసి వస్తే ఏది పెట్టాలో తోచేది కాదు.

చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ చదువుతుంటే ‘ప్రభుత్వంపై విరుచుకుపడ్డ విపక్షం’ అనే తరహా హెడ్డింగ్ కనిపించింది. విరుచుకుపడటం, దుమ్మెత్తిపోయడం, చీవాట్లు పెట్టడం... మనకు తిట్టులో ఇన్ని రకాలుండగా నేను అన్నిటికీ విమర్శ అనే ఎందుకు రాసుకున్నానా అనిపించింది.

ఊళ్లో మా పక్కింటి అత్తమ్మ చిక్కుడు పాదును ఎవరిదో బర్రె మేసేసింది. ఆమె గేటు పట్టుకుని, కొంగు నడుముకు దోపి, పాదు పెట్టిన రోజు నుంచి మొదలుపెట్టి పొయ్యి మీద అన్నం మాడే దాకా ఆపకుండా తిట్టింది. అది టైరేడ్. ఇటాలియన్‌లో ఆ మాట మూలానికి లాగడం అనే అర్థం ఉంది. మనం సాగదీసి తిట్టింది అంటామే, సరిగ్గా అదే. ఆమె వాడిన తిట్లు ఇన్వెక్టివ్. గుంపును నిలబెట్టి ఆవేశంగా ఊదరగొట్టేది హరాంగ్.

ఇదే కుటుంబంలో ఫిలిప్పిక్ కూడా ఉంది. ఒకరి మీద ఘాటుగా విరుచుకుపడే ప్రసంగం అది. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్‌కు వ్యతిరేకంగా ఏథెన్స్‌లో డెమోస్తనీస్ అనే వక్త చేసిన ప్రసంగాల నుంచి ఆ పేరు వచ్చింది. తర్వాత రోమ్‌లో మార్క్ ఆంటోనీ మీద సిసిరో అనే వక్త చేసిన 14 ప్రసంగాలనూ అలాగే పిలిచారు. కథ తెలిస్తే ఈ మాట మరిచిపోరు.

వాడుకలో మన తెలుగువాళ్లం జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ‘ప్రభుత్వం మీద’ అనుకుని ఆన్ పెట్టేస్తాం. ఎవరిని తిడుతున్నారో చెప్పేటప్పుడు డయాట్రైబ్, టైరేడ్ రెండింటికీ అగెనెస్ట్ వాడాలి. ఆన్ వచ్చేది అటాక్‌కు. ఇన్వే (తీవ్రంగా దూషించడం) అనే క్రియకూ అగెనెస్టే. హరాంగ్‌ను క్రియగా వాడితే ప్రిపొజిషన్ అక్కర్లేదు, హరాంగ్డ్ ద క్రౌడ్ అంటే చాలు. వాక్యంలో తప్పు పట్టే స్పాటింగ్ ఎర్రర్స్ ప్రశ్నలు చేసేటప్పుడు ఇవి ఒకసారి చూసుకోండి. టైర్-2లో ఒక్కో ప్రశ్నకు 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత.

యాంటొనిమ్, అంటే వ్యతిరేకార్థం అడిగితే పానెజిరిక్, యూలజీ ఉన్నాయేమో వెతకండి. రెండూ పొగడ్తలే.