ఆరు కిటికీలు, మూడు కొటేషన్లు

పోయిన వారమే మా ఫ్లాటులో కిటికీలు మార్పించే పని పూర్తయింది. హైదరాబాదులో 20 ఏళ్ల నాటి ఫ్లాటు, మూడో అంతస్తు, పడమటి ఎండ. చెక్క ఫ్రేముల్లో అడుగు కమ్మీని స్క్రూడ్రైవరుతో పొడిస్తే అంగుళం లోపలికి దిగింది, అంతా చెదలే. పాత చెక్క ఉంచేసి దాని లోపలే కొత్త ఫ్రేము బిగిస్తామని ఒకాయన అన్నాడు. ఒప్పుకోవద్దు. వెలుతురు వచ్చే జాగా నాలుగు వైపులా తగ్గిపోతుంది, చెదలు మాత్రం గోడలోనే ఉంటాయి.

కొత్త ఫ్రేము యూపీవీసీయా (ఒక రకం గట్టి ప్లాస్టిక్), అల్యూమినియమా అన్నది తొందరగానే తేలింది. అల్యూమినియం సన్నగా ఉండి గట్టిగా నిలబడుతుంది, కానీ పడమటి గోడకు పెడితే మధ్యాహ్నానికి ఫ్రేమే కాలుతుంది. యూపీవీసీ వేడిని అంతగా లోపలికి పంపదు. స్లైడింగా, తలుపులా తెరుచుకునేదా అన్నది తేల్చింది మాత్రం గ్రిల్లు. తలుపు రకానికి చుట్టూ రబ్బరు నొక్కుకుంటుంది కాబట్టి దుమ్ము, చప్పుడు తక్కువ, కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. కానీ రెక్క బయటికి తెరుచుకుని గ్రిల్లు లోపల ఉంటే, రోజూ ఊచల సందులోంచి చెయ్యి పెట్టి రెక్క లాక్కోవాలి. పైగా దోమతెరకు వేరే ఏర్పాటు కావాలి. అందుకే రెండు అద్దం రెక్కలు, ఒక మెష్ రెక్క ఉన్న స్లైడింగ్ తీసుకున్నాం. సగం కిటికీయే తెరుచుకుంటుంది, అందుకు సిద్ధపడాలి.

ఇక కొటేషన్లు. నన్ను పది రోజులు తిప్పలు పెట్టింది ఇవే.

మొదటాయన చదరపు అడుగు 520 అన్నాడు. మూడో ఆయన 740 అన్నాడు. ఇంట్లో అందరూ మొదటిదే ఖాయం చేసేశారు. ఆ కాగితం మీద ఏముందని అడిగితే ఆ షోరూమ్ మనిషి, "అవన్నీ మీకు అర్థం కావులెండి సార్, రేటు చూసుకోండి చాలు" అన్నాడు. డబ్బు కట్టేవాడితో అనాల్సిన మాట కాదది. ఆ రాత్రే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో వరుసా పోల్చి చూశాను.

520లో మెష్ రెక్క లేదు, దానికి 80. బిగింపు లేదు, దానికి 50. అక్కడికి 650. దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 117. మొత్తం 767. మూడో ఆయన 740లో ఇవన్నీ ఉన్నాయి.

అంతకంటే పెద్ద తేడా కొలతలో ఉంది. మా హాలు కిటికీ 4 అడుగుల 8 అంగుళాలు, 3 అడుగుల 10 అంగుళాలు. లెక్క కడితే 17.9 చదరపు అడుగులు. మొదటాయన ప్రతి వైపూ పై అడుగుకు పెంచి 5, 4 అని రాసి 20 అడుగులు చేశాడు. ఆ ఒక్క కిటికీకే ఆయన లెక్కలో 15,340, మూడో ఆయన లెక్కలో 13,250 లోపు. చవక అనుకున్నదే రెండు వేలు ఎక్కువ. కొలత అంగుళాల్లో రాసివ్వమని మొదటే అడగండి, రాయనివాడి దగ్గర బేరం కూడా వద్దు.

ధర సమానం చేశాక సరుకు చూడాలి. కాగితం మీద "5 ఎంఎం గ్లాస్" అని ఉంటే అది మామూలు అద్దమే అనుకోండి. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన అద్దం) అని విడిగా రాయించాలి. మామూలుగా అద్దం మూలలో చిన్న ముద్ర ఉంటుంది, దించేటప్పుడే ప్రతి పలకకూ చూసుకోవాలి. టఫెన్డ్ చేశాక అద్దం కొయ్యడానికి వీలుండదు, కాబట్టి కొలత తప్పితే కొత్త పలకే. రెండు పొరల అద్దం వేడి ఆపుతుందని ముగ్గురూ ఊదరగొట్టారు. నేరుగా పడే ఎండ మామూలు అద్దం రెండు పొరల్లోంచి కూడా చాలావరకు లోపలికి వస్తుంది. ఆ డబ్బుతో బయట సజ్జా పెంచుకోవడం, వెదురు తడిక కట్టుకోవడం మేలు.

రెండోది, ప్రొఫైలు (ఫ్రేము, రెక్కలు చేసే బోలు కమ్మీ) లోపలి ఇనుము. యూపీవీసీ తనంతట తాను వంగిపోతుంది, లోపల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పట్టీ ఉంటేనే నిలబడుతుంది. షోరూములో చూపించే కోత ముక్కలో అది బ్రహ్మాండంగా ఉంటుంది. మన ఇంటికి వచ్చినదాంట్లో ఉందో లేదో చూడాలంటే పాత స్పీకరులోని అయస్కాంతం పట్టుకోండి, ఫ్రిజ్‌కు అంటించేది చాలదు. ఫ్రేము మీద జరుపుతూ పోతే ఇనుము ఉన్న చోట మెల్లగా లాగుతుంది. రెండు రెక్కలూ కలిసే నడిమి కమ్మీ దగ్గర తప్పకుండా చూడండి, గాలివాన ఒత్తిడంతా దాని మీదే. మాకు వచ్చిన పన్నెండు అద్దం రెక్కల్లో ఒకదానికి అక్కడ అయస్కాంతం జారిపోయింది. గోడకు ఎక్కకముందే వెనక్కి పంపాం, మారు మాట్లాడకుండా మార్చారు.

పాత గ్రిల్లు చెక్క ఫ్రేముకే బిగించి ఉంటుందని ఏ కొటేషనూ చెప్పదు. చెక్క పోతే అదీ ఊడి వస్తుంది. పక్కలకు పట్టీలు వెల్డింగ్ చేయించి గోడకు బిగించాం, ఆ ఖర్చు విడి. వెల్డింగ్ కిటికీ రాకముందే కావాలి, నిప్పురవ్వ పడితే అద్దం మీద మచ్చ పోదు.

చెక్క ఊడదీశాక గోడ అంచు ఎటూ పెచ్చులూడుతుంది. మేస్త్రీతో అంచులు సరిచేయించి, ఆరాకే మళ్లీ కొలిపించండి. వెడల్పు పైన, నడిమిన, కింద కొలవాలి, ఎత్తు కూడా అలాగే మూడు చోట్ల. అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతలోంచి 10 ఎంఎం తీసేసి ఫ్రేము చేయించాలి. కిటికీ కింది గడప రాయి వాలు బయటికే ఉండాలి.

బిగింపు ఒక్కరోజు పని. ఫ్రేము చుట్టూ సందులు పూడ్చే సిలికాన్ జిగురు వెనిగర్ వాసన కొడితే ఆపేయించండి, అది ఇనుప వస్తువుల్ని తినేస్తుంది. ఆ పులుపు వాసన రాని న్యూట్రల్ రకం తెప్పించండి.

చివరి పది శాతం డబ్బు మాత్రం చేతిలో పెట్టుకుని నీళ్ల పరీక్ష చేశాను. రెక్కలు జరిగే అడుగు ట్రాకులో రెండు మగ్గుల నీళ్లు పోసి బయట చూడాలి. ట్రాకు బయటి అంచుకు వేలి వెడల్పు గాడి రంధ్రాలు ఉంటాయి, వాటిలోంచి నీళ్లు వెంటనే పోవాలి. అయిదు కిటికీలకు పోయాయి. వంటింటి కిటికీకి చుక్క కూడా కదల్లేదు, నీళ్లు నిండి లోపలి గచ్చు మీదికి పొర్లాయి. బయట చెయ్యి పెట్టి తడిమితే రంధ్రాల మీద సిలికాన్ అడ్డంగా పూసి ఉంది. బ్లేడుతో గీసి తీయించాను, రెండు నిమిషాల పని. అదే సంగతి బిగించిన కుర్రాడు వెళ్లిపోయాక, మొదటి వానకు బయటపడి ఉంటే మళ్లీ రప్పించేసరికి నెల పట్టేది.

ఫ్రేము మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం పెయింటు అయ్యేదాకే ఉంచండి. ఎండకు ఆ జిగురు ఉడికి ప్రొఫైలుకు అతుక్కుపోతుంది, తర్వాత గోటితో గీకినా రాదు.