పాత స్కానర్‌లో కొత్త బోర్డు

పాడైపోయిన స్కానర్‌ను విప్పి, గాజుపలకను, మూతను అలాగే ఉంచి, అడుగున 395 నానోమీటర్ల అతినీలలోహిత ఎల్‌ఈడీలను వరుసగా అమర్చి, సర్క్యూట్ నమూనాను కాంతితో రాగి బోర్డు మీదికి దించే ఎక్స్‌పోజర్ పెట్టెను తయారుచేసుకున్నాను. మూతకున్న స్పాంజి, రాగి బోర్డును ఆ నమూనా ముద్రించిన పారదర్శక ఫిల్మ్‌కు అదిమి పట్టడం నేను ఊహించని లాభం. అయినా మొదటి బోర్డు చెడింది. ఫిల్మ్‌పై ముద్ర ఉన్న వైపును రాగికి కాక గాజుకు ఆనించడంతో, ఆ ప్లాస్టిక్ మందంలోనే కాంతి పక్కలకు పాకి, గట్టిపడకూడని చోట కూడా రాగిపై ఉండే ఫొటోరెసిస్ట్ పొర (కాంతి తగిలితే గట్టిపడే పూత) గట్టిపడి, సన్నని గీతలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. తప్పు నాదే, పెట్టెది కాదు. అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం గిన్నెను ఊపే పని ఇప్పుడు పాత డీవీడీ డ్రైవ్ మోటారుది. అది కీచుమంటూనే ఉంటుంది కానీ, 20 నిమిషాలు నిలబడి చేత్తో ఊపే బాధ నాకు తప్పింది.