తాబేలు తొట్టి లెక్కలు

రెడ్ ఇయర్ స్లైడర్ తాబేలు మా ఇంటికొచ్చి నాలుగేళ్లు. మొదటి ఏడాది తగలేసిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మంటే. అరచేతిలో పట్టేంత ఉందని చిన్న గాజు తొట్టి కొన్నా. అడుగు పొడవు దాకా పెరుగుతాయని అప్పుడెవరూ చెప్పలేదు. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో కొన్న పెద్ద ప్లాస్టిక్ తొట్టి, ఎక్కి కూర్చోవడానికి రెండు ఇటుకలు, ఒక బంగాళా పెంకు. అంతే.

వేడికి పాతకాలం ఫిలమెంట్ బల్బు, పింగాణీ హోల్డర్ చాలు. వైజాగ్ వేసవిలో అదీ దండగే. యూవీబీ (డిప్ప గట్టిపడటానికి కావాల్సిన, ఎండలో ఉండే కిరణాలు) దగ్గర మాత్రం పిసినారితనం చేసి దెబ్బతిన్నా. చవగ్గా వస్తోందని షాపులో యూవీ పేరుతో కొన్నది ఉత్త ఎల్ఈడీ. డిప్ప మెత్తబడ్డాక డాక్టర్ చెబితే తెలిసింది. కిటికీలోంచి పడే ఎండా పనికిరాదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. ఆ తర్వాత మంచి యూవీబీ బల్బే కొన్నా. పొద్దున్నే డాబా మీద ఎండ మాత్రం ఉచితం, పక్కన కాస్త నీడ ఉండాలంతే.

కాల్షియం సంగతి వింటే నవ్వుతారు. పెట్ షాపులో ప్యాకెట్ కట్టి అమ్మే కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి పెంకు), నాటు మందుల కొట్లో దొరికే సముద్రపు నురుగు, రెండూ ఒకటే. ఆర్కే బీచ్‌లో ఒక్కోసారి ఒడ్డుకే కొట్టుకొస్తుంది. ఉప్పు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి వేస్తున్నా. మా అమ్మ మాత్రం "వీడు చెత్త ఏరుకొస్తున్నాడు" అని పక్కింటి పిన్నిగారికి చెప్పేసింది.

మేతకి పాత టబ్బులో అజొల్లా, నీటి మీద తేలే చిన్న నాచులాంటి మొక్క. గేదెలకు వేసేదే, పాలాయన గుప్పెడు ఇచ్చాడు. ఇప్పుడు ఎక్కువైపోయి ఆయనకే తిరిగిస్తున్నా.