పాత ఆర్కేడ్ పెట్టె ఇంటికి వచ్చాక

విజయవాడలో మూతపడిన ఒక వీడియో గేమ్స్ పార్లర్ నుంచి కొన్న ఆర్కేడ్ పెట్టెను ఇంట్లో ఆడుకునే యంత్రంగా మార్చే పని ఈమధ్యే పూర్తయింది. కృష్ణాతీరపు చెమ్మకు అడుగు ప్లైవుడ్ పొరలుగా విడిపోవడంతో, ఆ భాగాన్ని పటమటలోని వడ్రంగి చేత మార్పించాను.

పిక్చర్ ట్యూబు తీసేసి ఎల్‌సీడీ పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు కానీ, నేను ఒప్పుకోలేదు. 1980లో నామ్కో విడుదల చేసిన ప్యాక్‌మ్యాన్ వంటి ఆటల బొమ్మలు ట్యూబు తెర కోసమే రూపుదిద్దుకున్నాయి. తెరపై బొమ్మను గీసే అడ్డగీతల మధ్య కనిపించే సన్నని నలుపు, అంచుల్లో రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగినట్లుండే తీరు ఎల్‌సీడీలో సహజంగా రావు. అయితే ప్లగ్ తీసిన తర్వాత కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు కనుక, ఆ పనిని అనుభవజ్ఞుడైన టీవీ మెకానిక్‌కే అప్పగించాలి.

జపాన్‌లో 1985లో ఆర్కేడ్ పెట్టెల వైరింగు కోసం వచ్చిన జామా ప్రమాణం ప్రకారం ఈ పెట్టెలోని తీగలన్నీ 56 పిన్నుల కనెక్టర్‌కు చేరుతాయి. అందుకే వైరింగును కత్తిరించకుండా, ఒక అడాప్టర్ బోర్డు ద్వారా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ను కలపగలిగాను. ఈ తెరకు సెకనుకు దాదాపు 15,700 గీతల సంకేతమే అందాలి. మామూలు కంప్యూటర్ సంకేతం అందుకు రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉంటుంది.

జాయ్‌స్టిక్ కింద నాలుగు వైపులా ఉన్న మైక్రోస్విచ్‌లను మాత్రం కొత్తవి వేశాను. పుల్లను కొద్దిగా వంచగానే టిక్కుమని వినిపించే ఆ స్పష్టత ఏ టచ్ స్క్రీన్‌లోనూ దొరకదు. పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే, 1997లో మొదలైన మేమ్ ప్రోగ్రామ్ ఉచితమే అయినా, ఆటల హక్కులు ఆయా కంపెనీలవే కాబట్టి అనుమతి ఉన్నవాటినే ఇందులో ఉంచాను.